చెసాంగ్ ఎక్కిన గాదె

మా కప్చోర్వా కొండల్లో మర్మాంగం కోయించుకోని ఆడదాన్ని ఆడదానిగానే లెక్కించరు. చెసాంగ్ కోయించుకోలేదు. కాపురానికొచ్చిన రోజే అత్త చెలిమో తేల్చి చెప్పింది: "నువ్వు గాదె ఎక్కావంటే గింజంతా పుచ్చిపోతుంది."

తొమ్మిదేళ్లు చెసాంగ్ మొక్కజొన్న విత్తింది, కోసింది, ఇంటికి మోసింది. ఆమె విత్తితే పుచ్చని గింజ ఆమె గాదె ఎక్కితే ఎలా పుచ్చుతుందో ఒక్కరూ అడగలేదు.

కిందటేడు, అంతవరకూ గాదె ఎక్కే చెలిమో కాలు విరిగింది. ఇంట్లో పిల్లలు ఆకలంటున్నారు. "ఎక్కవే. ఎవరికీ చెప్పకు," అంది. చెసాంగ్ తన నేస్తాన్నైన నాక్కూడా చెప్పలేదు.

ఈ డిసెంబరులో మళ్లీ ఆడపిల్లలను కోసే కాలం వచ్చింది. దాన్ని మాన్పించే సంఘం తరఫున నేనూ చెసాంగూ సభ పెట్టాం. కత్తి పట్టే ముసలామె లేచి, "గాదె ఎక్కే యోగ్యత లేదు, నువ్వా మాకు చెప్పేది?" అని దెప్పింది. నాకు ఒళ్లు మండింది. నేను నోరు తెరిచేలోగా చెలిమో కర్ర ఊతంగా లేచింది.

"ఏడాదిగా మా గాదె ఎక్కుతున్నది నా కోడలే. ఒక్క గింజ పుచ్చలేదు. నీ గాదెలో సగం పురుగే. మరి అది ఎక్కేది నువ్వే కదా, వదినా?"

సభంతా గొల్లున నవ్వింది. చెలిమో మాత్రం నవ్వలేదు.

"రేపు నా మనవరాలూ ఇలాగే ఎక్కుతుంది. నువ్వు కత్తి పట్టుకుని మా గుమ్మంలోకి రాకు."