నోహప్ అని చెప్పింది నేనే

ఎవరినీ ఏదీ అడగలేక నేను పనిని దొంగచాటుగా నేర్చుకున్నాను. మా అనంతపురం ఆఫీసులో సర్వర్‌లోకి అందరం ఒకే లాగిన్‌తో వెళ్తాం. కీబోర్డులో పై బాణం నొక్కుతూ పోతే, నాకంటే ముందు పనిచేసినవాళ్ళు కొట్టిన కమాండ్లు ఒక్కొక్కటే కనబడేవి. అర్థమైనవి డైరీలో రాసుకునేదాన్ని. కంట్రోల్, ఆర్ కలిపి నొక్కి రెండక్షరాలు కొడితే పాత కమాండ్ దొరుకుతుంది. సీడీ అనే కమాండ్ పక్కన చిన్న అడ్డగీత పెడితే ఇందాకటి ఫోల్డర్‌కు తిరిగి వెళ్తాం. పొడవాటి లైను మొదట్లో తప్పుంటే అంతా చెరపక్కర్లేదు, కంట్రోల్, ఏ కలిపి నొక్కితే నేరుగా మొదటికి వెళ్తాం.

సర్వర్ టీంలోకి ఒకరిని తీసుకుంటారని తెలిసింది. ఎవరితోనూ అనలేదు కానీ, ఆ పని నాకు కావాలి. ఎంపికకు ముందు మేనేజర్ ఎదుట అందరం కూర్చుని, ఒక్కొక్కరం తెలిసిన చిట్కాలు చెప్పాలన్నారు.

ముందురోజు మా సీనియర్ నా టేబుల్ దగ్గరికి వచ్చాడు.

"ఏమ్మా, నీ రాతలు ఓసారి ఇయ్యి. రేపు నేను చెప్పల్ల."

"నేనూ చెప్పల్ల కదన్నా."

"నువ్వా? దినామూ గొంతు ఇంట్లోనే పెట్టొస్తావు కదమ్మా!"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను. పేజీలు ఫోటో తీసుకోనిచ్చాను.

మర్నాడు ఆయన చెప్పినవన్నీ నా వాక్యాలే. మేనేజర్ అడిగాడు: "ఈడ నెట్ ఎప్పుడు పోతాదో తెలీదు. సర్వర్లో నడుస్తాండే పని, మన లైను తెగినా ఆగకుండా ఉండల్లంటే ఏం చేయల్లప్పా?"

ఆయన ఓరగా నా వైపు చూశాడు. అది ఫోటోల్లో లేదు. గార్లదిన్నెలో మా ఇంటి నుంచి పనిచేసేటప్పుడు, గట్టిగా గాలి వీస్తే నెట్ పోతుంది, అందుకని నాకు తెలుసు. చెయ్యెత్తి చెప్పాల్సింది. పక్కనే ఉన్న ఆయన చెవిలో, "కమాండ్ ముందర నోహప్ అని పెట్టల్లన్నా, చివర అండ్ గుర్తు" అన్నాను. ఆయన అదే గట్టిగా చెప్పాడు.

"శభాష్!" అన్నాడు మేనేజర్. నా వైపు తిరిగాడు. "నువ్వేం చెప్తావమ్మా?"

"అన్నీ అన్న చెప్పేసినాడు సార్."

వారం తిరక్కుండా ఆయనను తీసుకున్నారు. మైసూర్‌పాక్ డబ్బా తెచ్చి, ముందు నా దగ్గరికే వచ్చాడు.

"నీ పుణ్యమే తల్లీ," అన్నాడు మెల్లగా. మనస్ఫూర్తిగానే అన్నాడు. ఆ మాట మేనేజర్‌తో కూడా చెప్పమని అడగొచ్చు. నేను ఒక ముక్క తీసుకుని, "సంతోషం అన్నా" అన్నాను.