కిలోలా, పౌన్లా అని అడిగే సిస్టరమ్మ

మా సిస్టరమ్మ పోయింది. పోయిన ఆదివారం పొద్దున, హన్మకొండలోని ఒక దవాఖానలో, తను పాఠాలు చెప్పిన నర్సుల చేతుల్లోనే కన్ను మూసింది. పెళ్లిళ్ల సీజన్ కాబట్టి ఆదివారమైనా నేను దుకాణం తెరిచి బ్లౌజులు కుడుతున్నాను. ఆమె దగ్గర చదువుకున్న నర్సు ఫోన్ చేసి, "అక్కా, సిస్టరమ్మ లేదు" అన్నది. నేను కుట్టు ఆపి దుకాణం మూసేశాను.

సమాధుల తోటలో ప్రార్థన అయ్యాక, సంఘం పెద్ద ఒకాయన నాలుగు మాటలు మాట్లాడాడు. అన్నేళ్ల నౌకరీలో ఒక్క తప్పు కూడా చేయని మనిషి అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. ఆ మాట వినగానే అక్కడున్న నర్సులంతా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సిస్టరమ్మ వింటే మధ్యలోనే లేచి కాదనేది. ఆమె ఒక తప్పు చేసింది. దాన్ని దాచమన్నవాళ్ల మాట వినలేదు. తర్వాత తను చదువు చెప్పిన ప్రతి బ్యాచికీ మొదటి పాఠంగా అదే చెప్పింది. ఆ తప్పు జరిగింది నా మీద. కాబట్టి ఆమె గురించి మంచి మాటలు మాత్రమే రాయమని ఎవరు చెప్పినా నేను వినను.

అప్పుడు నాకు నాలుగేళ్లు. మాది రఘునాథపల్లి దగ్గర చిన్న ఊరు, వ్యవసాయం. వానాకాలంలో నాకు ఆయాసం ఎక్కువై ఊపిరి అందకపోతే, అమ్మా బాపూ బస్సులో ఒక మిషన్ దవాఖానకు తీసుకొచ్చారు. ఆ దవాఖాన ఇప్పుడు లేదు, దాని పేరుతో పని కూడా లేదు. ఆ రోజు జరిగింది నాకు గుర్తులేదు. అమ్మ చెప్పగా విన్నాను, సిస్టరమ్మ చెప్పగా విన్నాను. ఇద్దరూ ఎప్పుడు చెప్పినా ఒకే తీరుగా చెప్పేవాళ్లు.

సిస్టరమ్మ అంటే సన్యాసిని కాదు, నర్సు. డోర్నకల్ రైల్వే క్వార్టర్లలో పుట్టి పెరిగింది. అప్పటికి కొత్తగా నౌకరీలో చేరింది. పిల్లల వార్డులో కిలోలు చూపించే తూకం మిషన్ పాడైపోతే, దాని స్థానంలో కొత్తది పెట్టారు. అది విదేశాల్లోని భక్తులు పంపిన బహుమతి. తెల్లగా, అద్దంలా మెరిసేదట. వాళ్ల దేశంలో కిలోలు లేవు, పౌన్లే. పౌను అంటే అర కిలో కన్నా కొంచెం తక్కువ. ఆ రోజు వార్డు నిండా పిల్లలు. సిస్టరమ్మ నన్ను మిషన్ మీద నిలబెట్టి, ముల్లు చూపించిన ఇరవై ఎనిమిదిని చీటీ మీద రాసింది. ఒట్టి అంకె రాసింది. డాక్టరు దాన్ని కిలోలు అనుకుని మందు లెక్క కట్టాడు. నా ఒంటికి తగినదానికి రెట్టింపు కన్నా ఎక్కువ మందు సెలైన్‌లో కలిసి నాకు ఎక్కడం మొదలైంది.

కొంతసేపటికి నేను వాంతి చేసుకున్నాను. దుప్పటి మార్చడానికి సిస్టరమ్మ ఒక చేత్తో నన్ను లేపి, రెండో చేత్తో దుప్పటి లాగింది. లాగుతూ లాగుతూ ఆగిపోయింది. ఇరవై ఎనిమిది కిలోల పిల్ల నా ఒక్క చేతిమీద ఎట్ల లేచింది అనిపించిందట. అంతే, సెలైన్ ఆపేసి డాక్టరు కోసం పరుగెత్తింది. ఆలోగా నాకు ఫిట్స్ వచ్చాయి. తెల్లారేదాకా డాక్టరు, ఆమె మంచం వదల్లేదు. పొద్దున నేను కళ్లు తెరిచి నీళ్లు అడిగాను.

పిల్ల బాగానే ఉంది కదా, తల్లిదండ్రులకు చెప్పి భయపెట్టడం ఎందుకు అన్నారు దవాఖాన పెద్దలు. జబ్బుకే ఫిట్స్ వచ్చాయంటే సరిపోతుందన్నారు. సిస్టరమ్మ తలూపి బయటకు వచ్చి, వరండాలో కూర్చున్న మా అమ్మ ముందు నిలబడి ఉన్నదున్నట్టు చెప్పేసింది. బాపు కోపంతో అరిచాడు. ఆమెను వార్డులోంచి పంపించేయాలన్నాడు. అమ్మ బాపుతో ఒకటే మాట అన్నది.

"చెప్పినామెనే ఉండనియ్యి. చెప్పకుండ దాసెటోళ్లు నా బిడ్డ దగ్గరికి రావద్దు."

మేము ఇంటికి పోయేదాకా నాకు మందులన్నీ సిస్టరమ్మే ఇచ్చింది. మా రెండిళ్లకూ సంబంధం అట్లా మొదలైంది.

ఇక ఆ మిషన్ మీద పిల్లలను తూచేది లేదని ఆమె దవాఖాన నడిపే కమిటీకి చెప్పింది. బహుమతిని పక్కన పెడితే పంపినవాళ్లు చిన్నబుచ్చుకుంటారని వాళ్లన్నారు. పక్క గోడకు లెక్కల పట్టీ వేలాడదీస్తాం, పౌన్లను కిలోలుగా మార్చి రాసుకొమ్మన్నారు. ఆమె జవాబు తర్వాత ఆమె దగ్గర చదువుకున్న నర్సులందరికీ నోటికొచ్చు.

"పట్టీ చూసుకునేంత తీరిక ఉన్ననాడు తప్పు జరగది సార్. తీరిక లేనినాడే జరుగుతది."

కమిటీ వినలేదు. మర్నాటి నుంచి ఆమె పిల్లలను, తల్లులను వెంటబెట్టుకుని రోడ్డు దాటి కిరాణా దుకాణానికి పోవడం మొదలుపెట్టింది. అక్కడ బస్తాలు తూచే కాంటా ఉండేది. కిలో రాళ్లమీద సర్కారు ముద్ర ఉండేది. ఒక తట్టలో మెత్తటి గుడ్డ పరిచి, పిల్లను కూర్చోబెట్టి, అవతలి పళ్లెంలో రాళ్లు వేసి తూచేది. తట్ట బరువు తీసేసి, చీటీ మీద అంకె పక్కన కిలోలు అని పెద్ద అక్షరాలతో రాసేది. మొదట్లో సేటు గొణిగాడు. రెండు మూడు రోజులకు పిల్లలు ఏడవకుండా తనే బెల్లం ముక్క చేతిలో పెట్టడం మొదలుపెట్టాడు. పప్పులు కొనడానికి వచ్చినవాళ్లు నిలబడి చూసేవాళ్లు. దవాఖాన పిల్లలను కిరాణా కొట్లో ఎందుకు తూస్తున్నారని అడిగేవాళ్లు. సిస్టరమ్మ ప్రతి ఒక్కరికీ చెప్పేది, తన తప్పుతో సహా.

కమిటీ పిలిపించి, దవాఖాన పరువు తీస్తున్నావన్నది. నన్ను తీసేయండి, ఆ మిషన్‌ను కూడా తీసేయండి అన్నదామె. వాళ్లు రెండూ చేశారు. మిషన్ స్టోర్ రూములోకి పోయింది, సిస్టరమ్మ పాలకుర్తి వైపు ఉన్న చిన్న క్లినిక్‌కు పోయింది. ఓడిపోయానని ఆమె ఎన్నడూ అనుకోలేదు. పిల్లల వార్డుకు కిలోల మిషన్ వచ్చిందని తెలిసిన రోజు మా ఇంటికి మిఠాయి పట్టుకుని వచ్చిందని అమ్మ చెప్పేది.

ఆ క్లినిక్‌కు ఒకసారి పౌన్ల దేశం నుంచే ఒక డాక్టరమ్మ వచ్చి కొన్నాళ్లు పనిచేసింది. అప్పుడు నేను పదో తరగతి తప్పి, కుట్టు నేర్చుకుంటూ సెలవులకు సిస్టరమ్మ దగ్గర ఉన్నాను. ఒక సాయంత్రం టీ తాగుతూ సిస్టరమ్మ ఆమెను సూటిగా అడిగింది, ప్రపంచమంతా మారితే మీరెందుకు మారలేదని. ఆ డాక్టరమ్మ నొచ్చుకోలేదు. మా సర్కారు కూడా మార్చాలని చూసింది, కానీ ఇష్టమున్నవాళ్లు మారండి అన్నది, ఎవరూ మారలేదు అని చెప్పింది. కార్ఖానాల్లో మరలన్నీ అంగుళాల్లోనే చేశారు, భూముల కాగితాలు, రోడ్ల మీద రాళ్లు అన్నీ పాత లెక్కలోనే ఉన్నాయి, మార్చాలంటే అన్నీ మార్చాలి. పైగా వంటింట్లోకి కూడా సర్కారు వచ్చి చెప్తుందా అనే పంతం మా వాళ్లకు ఎక్కువ అన్నది. అన్నిటికన్నా పెద్ద సంగతి వేరే ఉందని కూడా చెప్పింది. వాళ్లకు దేశమంతా ఈ మూల నుంచి ఆ మూల దాకా ముందునుంచీ ఒకటే పౌను. కొలతల వల్ల మోసపోయామని ఎవరికీ అనిపించలేదు.

ఆ చివరి మాటను సిస్టరమ్మ పట్టుకుంది. మా నాయిన కాలంలో డోర్నకల్ స్టేషన్‌లో పార్శిళ్ల దగ్గర రోజూ కొట్లాటే అని చెప్పింది. ఒక ఊరి సేరు ఇంకో ఊరి సేరు కాదు. దొర గడీలో కూలికి గింజలు కొలిచే మానిక చిన్నది, పంట కొలుచుకునే మానిక పెద్దది. అందుకే స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో సర్కారు కిలో తెచ్చి, పాత రాళ్లు వాడొద్దని గట్టిగా చెప్తే, గొణిగినవాళ్లు గొణిగినా, కూలోళ్లకు అది పెద్ద ఆసరా అయింది. రాజులను దించిన దేశాలు, కొత్తగా స్వతంత్రం తెచ్చుకున్న దేశాలు ముందు మారడంలో వింతేముంది అన్నది. డాక్టరమ్మ ఒప్పుకుంది. తమ దేశపు దవాఖానల్లో కూడా నీలాగే పొరపాటు పడిన నర్సులు ఉన్నారని మెల్లగా అన్నది.

ఆమె వెళ్లాక నేను, అయితే వాళ్లు మొండివాళ్లా అని అడిగాను. సిస్టరమ్మ కోప్పడింది.

"మొండోళ్లు గాదు బిడ్డా. దెబ్బ తగలనోళ్లు. ఇష్టముంటె మారుండ్రి అంటె నేను గూడ మారకపోదును. నేను మారింది ఇష్టంతోని గాదు, నీ వల్ల."

ఆ మాట ఆమె ఎన్నడూ మెత్తగా చెప్పలేదు. నా కళ్లలోకి చూసే చెప్పింది.

తర్వాత ఆమెకు సర్కారు దవాఖానలో నౌకరీ వచ్చింది, రిటైరయ్యాక హన్మకొండలో నర్సింగ్ పిల్లలకు పాఠాలు చెప్పింది. అంకె పక్కన కొలత రాయని పిల్లను నిలబెట్టి, కిలోలా, పౌన్లా అని అడిగేది. ఇప్పుడు పౌన్లు ఎక్కడున్నాయి సిస్టరమ్మా అని పిల్లలు నవ్వితే, చెంచాలా, మిల్లీలీటర్లా అని మార్చి అడిగేది. ప్రతి పిల్లనూ తూచే ముందు ఒకసారి చేతుల్లోకి ఎత్తుకుని చూసే అలవాటు ఆమెకు ఎప్పటికీ పోలేదు.

నా మీద కూడా ఆమె పోరాటం నడిచింది. కొలతకు వచ్చినప్పుడల్లా, టేపు తిప్పి సెంటీమీటర్లు చూడు అనేది. నేను వినేదాన్ని కాదు. మా మాస్టరు అంగుళాల్లో నేర్పాడు, నా దగ్గరున్న కాగితపు కటింగులన్నీ అంగుళాల్లోనే ఉన్నాయి, వచ్చే ఆడవాళ్లు ముప్పై ఆరు అంటే ముప్పై ఆరే అనేదాన్ని. అచ్చం ఆ డాక్టరమ్మ లెక్కనే మాట్లాడుతున్నవ్ అనేది. ఒకనాడు నాకూ పట్టుదల వచ్చింది. హైదరాబాద్ రోడ్డు పొడవునా ప్లాట్లన్నీ గజాల్లోనే అమ్ముతున్నారు, బంగారం తులాల్లోనే కొంటున్నారు, మనది మాత్రం మారిన దేశమెట్లా అయింది అని అడిగాను. అంతటితో ఆగకుండా, జ్వరం సంగతేంది, మీ నర్సులు నూట రెండు, నూట మూడు అంటున్నారే, అదీ పాత లెక్కే కదా అన్నాను.

సిస్టరమ్మ పకపకా నవ్వింది. జ్వరం కొత్త లెక్క తల్లులకు అలవాటు చేయాలని ఆమె వార్డులో చాలా ప్రయత్నించిందట. నూట రెండు జ్వరాన్ని సెల్సియస్‌లో ముప్పై తొమ్మిది అంటే, ఓస్ అంతేనా అని మందు వేయకుండా ఊరుకున్నారట. అప్పుడు వదిలేసింది. నా కొలతల గురించి కూడా ఆ రోజే ఒప్పందం కుదిరింది.

"జాకిట్ బిగుతైతె విప్పి మళ్ల కుడతవ్. నీ ఇష్టమున్నట్టు కొలువు. విప్పి కుట్టరానిదానికాడ మాత్రం నేను ఊకోను."

ఊరుకోలేదు కూడా. పోవడానికి వారం ముందు నేను ఆమె మంచం దగ్గర ఉన్నాను. కాన్సర్‌తో బాగా చిక్కిపోయింది. కొత్త ఇంజెక్షన్ ఇవ్వడానికి, వేరే ఊళ్లో చదివి ఈమధ్యే చేరిన ఒక చిన్న నర్సు వచ్చింది. ఆమె ఎవరో సిస్టరమ్మకు తెలియదు, ఆ పిల్లకు సిస్టరమ్మ తెలియదు. బరువు ఎప్పుడు చూశారని సిస్టరమ్మ అడిగింది. చేరినప్పటిది ఫైల్లో ఉందమ్మా అన్నదా పిల్ల. అది చేరిననాటి మనిషిది, నాది కాదు, తూచకుండా వేయించుకోను అన్నది సిస్టరమ్మ. లేవలేని స్థితిలో ఎందుకని నేను బతిమాలాను. డ్యూటీ డాక్టరు కూడా పెద్ద తేడా ఉండదన్నాడు. ఆమె చేయి దుప్పటి లోపలికి లాక్కుని గోడవైపు తిరిగి పడుకుంది. ఇక లాభం లేదని మిషన్ తెప్పించారు.

నేనొక పక్క, ఆ నర్సు పిల్ల ఒక పక్క పట్టుకుని ఆమెను మిషన్ మీదికి ఎక్కించాం. అంకె కనిపించింది. నర్సు రాసుకోబోయింది.

"ఆగు. ఇద్దరు వదులుండ్రి. మీరు పట్టుకుంటె అది నా బరువు గాదు."

పడిపోతావు సిస్టరమ్మా అన్నాను. వదలమన్నాను కదా అన్నది.

మేము చేతులు తీసేశాం. మిషన్ మీద ఆమె ఒక్కతే నిలబడింది, ఒట్టి కాళ్లతో, నెరిసిన జుట్టు భుజాల మీద పడుతుండగా, తల వంచి, కాళ్ల దగ్గర అటూ ఇటూ మారుతున్న ఎర్ర అంకెలను చూస్తూ. అంకె ఒకచోట ఆగేదాకా మా నాలుగు చేతులూ ఆమె చుట్టూ గాలిలో, తాకీ తాకకుండా, అట్లాగే నిలిచి ఉన్నాయి.