అయోడిన్ నీళ్ల గ్లాసు

ఈ సంగతి మా ఆయన నవ్వుతూ చెబుతుంటే నా ఒళ్లు మండుతుంది. అందుకే, పాప నిద్రపోయింది కాబట్టి, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

పాప కడుపున పడడానికి ముందు ఏడు నాకు మూడో నెలలో కడుపు పోయింది. తొందరపడి పదిమందికి చెప్పుకోవడం వల్లే దిష్టి తగిలిందని మా అత్తగారి నమ్మకం. కడప వైపు మనిషి. మూడు నెలలు నిండేదాకా ఆ మాట గడప దాటకూడదని పట్టు. అందుకని నాకు మళ్లీ నెల తప్పిన సంగతి తార్నాకలో మా ముగ్గురికే తెలుసు.

మెడ దగ్గర వాపు, ఊరికే నీరసం. మా ఆయన యూనివర్సిటీలో కెమిస్ట్రీ లెక్చరర్. నన్ను క్యాంపస్ దవాఖానాకు తీసుకెళ్లారు, అత్తగారూ వెంట వచ్చారు. డాక్టరు నా మెడ తడిమి చూసి, బరువు చూపించుకోమని పక్క గదిలోకి పంపాడు. ఆడవాళ్ల సంగతులు ఆడవాళ్లనే అడగడానికి ఆ పెద్దమనిషికి మొహమాటం! నెలనెలా సరిగా ఉందా అని మా ఆయన్ని అడిగాడట. ఆయనకంటే ముందే అత్తగారు, "అంతా సక్రమంగానే ఉండాది సార్" అన్నారట. మా ఆయన విన్నారు. నోరు విప్పలేదు. డాక్టరు థైరాయిడ్ పరీక్షకు పెద్దాసుపత్రికి రాశాడు. ఇదంతా నాకు తర్వాత తెలిసింది.

ఆసుపత్రిలో టెక్నీషియన్ చిన్న గ్లాసు తెచ్చాడు.

"అయోడిన్ నీళ్లమ్మా. రేడియేషన్ ఉంటది. ఇయ్యాల తాగితే రేపు మెడ కాడ మిషన్ పెట్టి చూస్తం. నెలలేమన్న ఉన్నయా?"

"అట్లాటివేం లేవులే నాయనా, నువ్వియ్యి" అన్నారు అత్తగారు.

"ఉంది. రెండో నెల" అన్నాను.

అతను గ్లాసు వెనక్కి లాక్కున్నాడు. "అరె, ఏందమ్మా! చీటీల లేదని రాసిండ్రు గదా! కడుపుల బిడ్డకు ఖరాబ్ గాదా?"

నేను మా ఆయన వైపు తిరిగాను. "ఇందులో ఏముందో మీకు తెలుసు కదా?"

"కొంచెమే కదా... అమ్మ చెప్పొద్దంది" అన్నారు. పిల్లలకు అణువుల గురించి పాఠాలు చెప్పే మనిషి!

అక్కడి డాక్టరు నన్నే చివాట్లు పెట్టాడు, చదువుకున్నదానివి ముందే చెప్పొద్దా అని. గ్లాసు మాన్పించి, రక్తం తీయించాడు. రిక్షాలో అత్తగారు, "అంతమంది మగోళ్ల ముందర కడుపుతో ఉండానని చెప్పుకుంటావా? సిగ్గు లేదే నీకు?" అన్నారు.

రక్తపరీక్షలో థైరాయిడ్ తక్కువని తేలింది. రోజూ మాత్ర వేసుకున్నాను. పాప పుట్టింది. బాగానే ఉంది. అయినా అది కాస్త ఎక్కువసేపు నిద్రపోతే ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తాను.

మొన్న ఆదివారం హబ్సిగూడ నుంచి మా ఆయన స్నేహితులిద్దరు వచ్చారు. కాఫీలు తాగుతూ ఈయన మొదలుపెట్టారు: "మా ఆవిడ పెద్దాసుపత్రిలో చాటింపు వేసింది తెలుసా!" అందరూ పడీపడీ నవ్వారు.

నేను పాపను ఎత్తుకుని వాళ్ల మధ్యకి వెళ్లాను. "నేను చెప్పకపోతే ఆ గ్లాసు నన్ను తాగనిచ్చేవారా?" అని అడిగాను.

ఒక స్నేహితుడు గడియారం చూసుకున్నాడు. మా ఆయన పాపకేసి చూశారు.