విప్పిన ముడుపు

దేశం దాటి యాత్రకు పోయేవాళ్లకు శివరాములు చెప్పినన్ని జాగ్రత్తలు ఈ చుట్టుపక్కల ఇంకెవరూ చెప్పరు. పంజాగుట్టలో రెండో అంతస్తులో ఓ ఇరుకు గది అతని ఆఫీసు. అక్కడి నుంచి ఓ గుంపును నేపాల్‌లో ముక్తినాథుడి దగ్గరికి, ఓ గుంపును శ్రీలంకలో శాంకరీదేవి దగ్గరికి తీసుకుపోతుంటాడు. బయల్దేరే ముందు ఓ ఆదివారం మీటింగు పెడతాడు. రానివాళ్లను తిడతాడు, వచ్చినవాళ్లను మధ్యలో లేవనివ్వడు.

“బీపీ గోలీలు, షుగర్ గోలీలు చేతి సంచిల పెట్టుకోవాలె, డాక్టర్ చీటీ సుత ఉండాలె. పెద్ద పెట్టెల పెట్టి, అది రాకపోతే నా మీద పడి ఏడిస్తె నేనేం చెయ్యాలె? యాత్రకని కొత్త చెప్పులు కొనకుర్రి, కాళ్లు కొరుకుతయి. మెడల పుస్తెలు చాలు, తక్కిన బంగారం ఇంట్ల పెట్టి రార్రి. హోటల్ కార్డు జేబుల ఉండాలె. తప్పిపోతే ఎతుక్కుంట తిరుగుడు లేదు, ఉన్నకాడనే నిలబడాలె, నేనే వస్త.”

ఇలా మొదలుపెట్టాడంటే ఆపడం అతని భార్య విజయరాణి వల్ల కూడా కాదు. కానీ ఒక మాట ఒప్పుకోవాలి. అతని గుంపులో ఇంతవరకూ ఎవరూ తప్పిపోలేదు, ఎవరి పాస్‌పోర్టూ పోలేదు.

సిరిసిల్లలో మగ్గాల మధ్య పుట్టి పెరిగిన మనిషి. పదో తరగతి తప్పి, పట్నం వచ్చి, మైత్రీవనం వెనక సందులో జాకెట్లు కుట్టుకుని బతికాడు. జాకెట్లు కుట్టించుకునే ఆడవాళ్లే ఒకసారి కాశీకి పోతూ, తోడుగా నమ్మకమైన మగమనిషి ఉండాలని అతన్ని లాక్కుపోయారు. పోయినవాళ్లంతా వచ్చాక అతన్ని పొగిడారు. ఆ పొగడ్తే మెల్లగా మిషను మూయించి ఈ పనిలో దించింది.

మీటింగుకు మైత్రీవనంలో ఓ కోచింగ్ సెంటరు గది అద్దెకు తీసుకుంటాడు. వారమంతా పిల్లలు కంప్యూటర్ పాఠాలు వినే గది. బోర్డు మీద శనివారం నాటి ఇంగ్లీషు రాతలు అలాగే ఉంటాయి. వాటి ముందు మైకు పట్టుకుని నిలబడితే శివరాములు ఛాతీ ఓ అంగుళం పొంగుతుంది. ఎవరైనా “సార్, ఒక డౌటు” అన్నారంటే ఇక చెప్పక్కర్లేదు. ఆ గదిలో సారు అనిపించుకోవడం అతనికి పెద్ద సంబరం, దాన్ని దాచుకోవడం కూడా చేతకాదు.

రెండేళ్ల కింద శ్రీలంక మీటింగులో ముందు వరసలో మంగవ్వ కూర్చుంది. బల్కంపేట ఎల్లమ్మ గుడి వెనక ఉంటుంది, అమీర్‌పేటలో ఓ ఆడపిల్లల హాస్టల్లో వంట చేస్తుంది. భర్త లేడు, ఒక్క కూతురు దివ్యశ్రీ. శివరాములు దగ్గర ఎన్నో ఏళ్లు జాకెట్లు కుట్టించుకుంది, అన్నా అని పిలుస్తుంది. పద్దెనిమిది శక్తిపీఠాల్లో మొదటి అమ్మ లంకలో ఉందని గుడి దగ్గర ఎవరో చెప్పినప్పటి నుంచి, ఎలాగైనా పోవాలని పట్టుబట్టి హాస్టల్లో సెలవు సంపాదించుకుంది.

ఆ రోజు శివరాములు కుడుకల గురించి చెబుతున్నాడు. మన ఆడవాళ్లు కుడుక లేకుండా ఏ ముడుపూ కట్టరు. విమానంలోకేమో ఎండు కొబ్బరిని రానివ్వరు. అందులో నూనె ఉంటుంది, అంటుకుంటుందని భయం. అంతకు ముందు యాత్రలో ఒకావిడ చీరల అడుగున కుడుకలు దాచి తెచ్చింది. లేవంటే లేవని ఒట్టు కూడా పెట్టింది. శంషాబాద్‌లో పెట్టె విప్పించారు, ఆమె కోసం గుంపంతా ఆగిపోయింది, విమానం తప్పినంత పనైంది. ఆ మంట శివరాములు కడుపులో ఇంకా చల్లారలేదు.

అప్పుడు మంగవ్వ లేచి, నడుము దగ్గర దోపుకున్న చిన్న పసుపు గుడ్డ మూటను తీసి చూపించింది. “అన్నా, ముడుపు చేతి సంచిల పెట్టుకోవచ్చునా? పెద్ద పెట్టెల వేస్తె కాళ్ల కిందికి పోతదేమోనని అడుగుతున్న.”

“దాంట్ల ఏమున్నయి?”

“ముడుపుల ఏమున్నయో చెప్పరు గద అన్నా.”

గదిలో నవ్వులు లేచాయి. శివరాములు కూడా నవ్వాడు. “కుడుక ఉన్నదా?”

“లేదన్నా.”

“పోయినసారి గా అక్క సుత గిట్లనే లేదన్నది,” అంటూ మైకులోనే చెప్పి, ముందుకు వంగి, ఆమె చేతిలోంచి ముడుపు అందుకున్నాడు.

విప్పాల్సిన పని లేదు. అది అతనికి ఆ క్షణంలోనే తెలుసు. బట్ట పట్టి బతికిన వేళ్లు అవి, బయటి నుంచి నొక్కినా లోపల కుడుక లేదని తెలిసిపోయింది. కానీ మైకు చేతిలో ఉంది, జనం నవ్వుతున్నారు, ఎదురుగా మంచి ఉదాహరణ దొరికింది. ముడి విప్పేశాడు. మంగవ్వ “అన్నా, వద్దు” అని చెయ్యి చాపేలోపే అయిపోయింది.

బల్ల మీద ఓ పసుపు కొమ్ము, ఓ రూపాయి బిళ్ల, రెండు చిన్న నల్ల గాజులు పడ్డాయి. పుట్టిన బిడ్డకు దిష్టి తగలకుండా వేసే గాజులు.

నవ్వులు ఆగిపోయాయి. వెనక నుంచి బల్కంపేట ఆమె ఒకతి, పాపం చెడ్డ ఉద్దేశంతో కాదు, “దివ్యశ్రీకి ఎన్నో నెలనే మంగవ్వా?” అని అడిగింది. దివ్యశ్రీకి రెండుసార్లు కడుపు నిలవలేదని వాడకట్టంతా తెలుసు. ఈసారి శ్రీమంతం దాకా మూడో కంటికి తెలియనివ్వొద్దని తల్లీకూతుళ్లు ఒట్టు పెట్టుకున్నారు. ఎల్లమ్మ ముందు కట్టిన ముడి, లంకలో అమ్మ ముందు తప్ప విప్పకూడదు.

మంగవ్వ అన్నీ కొంగులోకి తీసుకుని కూర్చుంది. అప్పుడు శివరాములు ఏం చేశాడో చెప్పాలంటే నాకే సిగ్గుగా ఉంది. తప్పయిందనలేదు. గొంతు సవరించుకుని, “సరే, కుడుక లేదు, మంచిది. ఇగ పాస్‌పోర్టు జిరాక్సులు,” అని పాఠం కొనసాగించాడు. మీటింగు అయ్యేసరికి ముందు వరసలో కుర్చీ ఖాళీగా ఉంది.

ఇంటికి పోయాక విజయరాణి అతన్ని కడిగి పారేసింది. “ముడుపు విప్పుడేంది? నీకేమన్న తెలివి ఉన్నదా? రేపే పోయి తప్పయింది తల్లీ అని చెప్పి రా.”

పోయాడు. బల్కంపేట దాకా పోయాడు. గుడి దగ్గర మూర పువ్వులు కొన్నాడు, సందు మొదట్లో నిలబడ్డాడు, మంగవ్వ వాకిట్లో ఎవరో కూర్చుని ఉంటే మళ్లీ వద్దామని వెనక్కి తిరిగాడు. ఆ మళ్లీ రాలేదు. బయల్దేరే రోజు ఎయిర్‌పోర్టులో ఆమె కోసం చూశాడు, ఫోను చేశాడు. ఎత్తలేదు.

త్రింకోమలిలో కొండ అంచున అమ్మవారి గుడి, కింద సముద్రం. శివరాములు అక్కడికి ఎన్నిసార్లు పోయినా తలలు లెక్కపెట్టుకోవడం, చెప్పులకు కాపలా కాయడమే సరిపోయేది. ఈసారి మాత్రం లోపలికి పోయి చేతులు జోడించాడు. దివ్యశ్రీని కాపాడు తల్లీ అని అడగబోయి ఆగిపోయాడు. ఆ మాట అడగడానికి వేరే మనిషి రావాల్సింది, ఆమె రాకుండా చేసింది తనే. అంత మంది జనంలో అతనికి ఏడుపు వచ్చింది.

ఆ తర్వాత నెలలన్నీ బల్కంపేట వైపు నుంచి ఏ ఫోను వచ్చినా అతను ఎత్తడానికి జంకేవాడు. చివరికి విజయరాణే కబురు తెచ్చింది. దివ్యశ్రీకి ఆడపిల్ల పుట్టింది, తల్లీ పిల్లా బాగున్నారు. శివరాములు ఆ రోజు కడుపు నిండా తిన్నాడు. అంతా మంచిగానే అయింది కదా, ఇంకా పోయి పాతది తవ్వుకోవడం ఎందుకని కూడా అనుకున్నాడు. అలా అనుకున్నందుకు తర్వాత తనను తానే అసహ్యించుకున్నాడు, అది వేరే సంగతి.

మొన్న కార్తీకం వెళ్లాక ఓ మధ్యాహ్నం మంగవ్వ పంజాగుట్ట ఆఫీసు మెట్లెక్కి వచ్చింది. ఆయాసపడుతూ కుర్చీలో కూర్చుంది. అతను గబగబా నీళ్లిచ్చాడు.

“లంకకు పోయొచ్చిన అన్నా,” అంది.

“ఎప్పుడు? ఎవరితోని?”

“కార్తీకంల. గా దిల్‌సుఖ్‌నగర్ వాళ్ల బ్యాచ్‌తోని.”

తప్పయింది అనడానికి అంతకన్నా మంచి సమయం లేదు. రెండేళ్లుగా ఆ మాటను స్నానం చేస్తూ, స్కూటర్ మీద, పడుకునేముందు ఎన్నోసార్లు అనుకున్నాడు. నోరు తెరిస్తే మాత్రం వేరే మాటలు వచ్చాయి. “హోటల్ మంచిగిచ్చిర్రా? అన్నం మన తీరుగ ఉన్నదా? ఫ్లైట్ టైముకే ఉన్నదా?”

“అన్ని మంచిగనే ఉన్నయి.”

“ముడుపు... మళ్ల కట్టినవా?”

“విప్పింది మళ్ల కట్టరన్నా. ఉత్త చేతులతోని పోయిన.” మంగవ్వ గ్లాసు కింద పెట్టింది. గొంతులో కోపం లేదు, ఉంటే బాగుండునని అతనికి అనిపించింది. “పిల్ల మంచిగున్నది. గంతకన్నా నాకేం గావాలె. గని అన్నా, దివ్య కడుపుతోని ఉన్నన్ని దినాలు నేను ఒక్కనాడు సంబురపడలే. కడుపుల పిల్ల తిరుగుతుందమ్మా, చెయ్యి పెట్టి చూడు అంటే, ముడుపు విడిపోయినంక నా చెయ్యి పెడితె ఏమైతదోనని దూరం జరిగిన. దానికి కోపమొచ్చింది. అమ్మకు నా బిడ్డ మీద ప్రేమ లేదనుకున్నది. ఇప్పటికీ గట్లనే అనుకుంటది. ముడుపు ముచ్చట దానికి చెప్పలే, చెప్తె భయపడుతదని.”

శివరాములు తల దించుకున్నాడు. ఇన్నాళ్లూ అతను పిల్ల సంగతే ఆలోచించాడు గానీ ఈ సంగతి అతని ఊహకు కూడా అందలేదు. పిల్ల క్షేమంగా పుడితే తన తప్పు కొట్టుకుపోతుందని అనుకున్నాడు. అది కొట్టుకుపోలేదు, తల్లీకూతుళ్ల మధ్య పోయి కూర్చుంది.

మంగవ్వ సంచిలోంచి కాగితంలో చుట్టిన కుంకుమ తీసి బల్ల మీద పెట్టింది. “మనుమరాలి పేరు చెప్పినంక నీ పేరు సుత చెప్పిన. మా అన్నది తప్పు పట్టకు తల్లీ, ఎరుక లేక చేసిండు అని మొక్కిన. నీ మనసుల ఏమన్న ఉంటె తీసెయ్.”

ఎరుక లేక చేసిండు. ఆ మాట అతని గుండెలో దిగింది. కుడుక లేదని వేళ్లకు తెలిసి కూడా విప్పాడు. ఆ సంగతి ఈ భూమ్మీద అతనికొక్కడికే తెలుసు. ఎరుక ఉండే చేసిన మంగవ్వా, నలుగురు నవ్వుతున్నరని చేసిన, అని చెప్పాలి. ఇప్పుడు చెప్పకపోతే ఇక ఎప్పుడూ చెప్పలేడు.

ఆమె లేచింది. హాస్టల్లో సాయంత్రం వంటకు టైమవుతుందంది. అతను తలుపు దాకా వెంట వచ్చాడు. “మంగవ్వా,” అన్నాడు. మంగవ్వ రెండు మెట్లు దిగి, ఏదో అనబోతున్నాడని ఆగి, తల పైకెత్తి చూసింది.

“మెట్లు నిటారుగ ఉన్నయి,” అన్నాడు శివరాములు. “గోడ పట్టుకొని మెల్లగ దిగు.”

“సరే అన్నా,” అని ఆమె గోడ పట్టుకుని మెల్లగా దిగిపోయింది.