నాన్న పేరుకి ఒక మార్కు

మా అమ్మ రాసిన పరీక్షలో నేనొక మార్కు కలిపించాను. ముప్పై ఏళ్లు బళ్లో పేపర్లు దిద్దినదాన్ని, కాళ్లావేళ్లా పడ్డా ఎవరికీ అర మార్కు వెయ్యనిదాన్ని, రాజమండ్రిలో నరాల డాక్టరు దగ్గర ఆ పని చేశాను. అందుకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

అమ్మానాన్నలు రావులపాలెంలో మా ఇంటికి రెండు వీధుల అవతల ఉంటారు. అరటితోట కౌలుకిచ్చేశాక నాన్న ఇంటిపట్టునే ఉంటున్నారు. అమ్మకి డెబ్బై నాలుగు. రెండేళ్లుగా అడిగిందే అడగడం మొదలుపెట్టింది. మా అబ్బాయి పరీక్షలెప్పుడని పొద్దున అడిగి, కాఫీ తాగేలోపు మళ్లీ అడిగేది. నాకసలే ఓపిక తక్కువ. ఇందాకే చెప్పాను కదా అని విసుక్కునేదాన్ని. నాన్న మాత్రం, దానికి పెళ్లైన నాటి నుంచీ మతిమరుపేనని నవ్వేసేవారు. ఆ మాట వింటే నాకూ ప్రాణం కుదుటపడేది.

ఒకరోజు పాలకేంద్రం నుంచి ఇంటికి రావడానికి అమ్మకి గంటన్నర పట్టింది. మధ్యలో ఉన్నవి నాలుగే ఇళ్లు. ఎవరో కనబడితే మాట్లాడుతూ నిలబడిపోయిందన్నారు నాన్న. ఆ ఎవరో ఎవరంటే చెప్పలేదు. ఇక ఆగలేక ఇద్దర్నీ కారెక్కించాను. నిజం చెప్పాలంటే, జబ్బేమిటో తెలుసుకోవాలని వెళ్లలేదు. ఇది వయసే తప్ప మరేం కాదని డాక్టరు నోట అనిపించుకోవాలని వెళ్లాను.

ముందుగా ఒక కుర్ర డాక్టరు కాగితం పట్టుకుని కూర్చున్నాడు. పేరు, వయసు అడిగాడు. అమ్మ చెప్పింది. భర్త పేరడిగాడు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, నవ్వుతూ నా వైపు చూసింది. అతను మళ్లీ అడిగాడు. అమ్మ మళ్లీ నవ్వింది. అతను చెప్పలేకపోయారని రాసుకున్నాడు. నాకు ఒళ్లు మండింది. మాది ఏ ఊరనుకుంటున్నారు, మా వైపు పెద్దవాళ్లు మొగుడి పేరు నోటితో అనరు, తెలియక కాదు, అనకూడదు కాబట్టి అని క్లాసు పీకాను. పాపం, అతను క్షమించమని ఆ మాట కొట్టేసి టిక్కు పెట్టాడు. నాన్న నా వైపు మెచ్చుకోలుగా చూశారు.

తర్వాత సంవత్సరం, నెల, వారం అడిగాడు. మూడు మాటలు చెప్పి, కాసేపాగి తిరిగి చెప్పమన్నాడు. అమ్మకి ఒక్కటే గుర్తుంది. గడియారం బొమ్మ గీసి పదకొండూ పది చూపించమంటే, అంకెలన్నీ కుడివైపునే ఇరికించి పెన్ను కింద పెట్టేసింది. అద్దాలు తెచ్చుకోలేదని నేను అందుకున్నాను. అద్దాలు ఆవిడ ముక్కు మీదే ఉన్నాయి.

రక్తపరీక్షలు, తలకి స్కానింగు రాశారు. థైరాయిడ్ తేడా చేసినా, విటమిన్ బి పన్నెండు తగ్గినా, మనసులో దిగులున్నా మతిమరుపు వస్తుందట. అలాంటివైతే మందుతో మళ్లీ మామూలయ్యే అవకాశం ఉంటుందన్నారు. ఆ వారం రోజులూ అమ్మకి బి పన్నెండు తక్కువుండాలని మొక్కుకున్నాను. అన్నీ సరిగ్గానే వచ్చాయి. స్కానింగులో గడ్డలు లేవు, రక్తం గడ్డకట్టలేదు, మెదడు మాత్రం జ్ఞాపకాల వైపు కాస్త కుంచించుకుపోయిందని తేలింది.

రెండోసారి పెద్ద డాక్టరమ్మ చూశారు. తల నెరిసిన మనిషి, మా వైపు మనిషే. స్కాను చూసి ఏ జబ్బో చెప్పెయ్యలేమని, ఇంట్లో మనిషి మునుపెలా ఉండేదో, ఇప్పుడెలా ఉందో అన్నిటికన్నా ముఖ్యమని చెప్పి నాన్నని అడిగారు. వంటా వార్పూ బాగానే చేసుకుంటోందన్నారు నాన్న. ఆవిడ కాగితాలు తిరగేసి, కొట్టేసి టిక్కు పెట్టిన చోట ఆగారు. సంగతి నేను చెప్పాను.

"మా అమ్మా చెప్పేది కాదండి," అని నవ్వి, అమ్మ చెయ్యి పట్టుకున్నారు. "మీరు చెప్పక్కర్లేదమ్మా. నేను మూడు పేర్లు చెబుతాను. మీవారి పేరు వచ్చినప్పుడు తలూపండి, చాలు."

మొదటి పేరు చెప్పారు. అమ్మ తలూపింది. రెండోది చెప్పారు. అమ్మ తలూపింది. మూడోది నాన్న పేరు. అమ్మ దానికీ అలాగే, అంతే మర్యాదగా తలూపింది. పాఠం అర్థంకాని పిల్లలు అర్థమైందా అంటే ఊపినట్టు. ఆ ఊపు నాకు బాగా తెలుసు.

నాన్న తువ్వాలుతో మొహం తుడుచుకున్నారు.

"వంట నేను చేస్తన్నానండి," అన్నారు. "ఏడాదైంది. పొయ్యి వెలిగించి మర్చిపోతందండి. పిల్ల వచ్చినప్పుడు ఆవిడే వండిందని చెప్పేవోణ్ణి."

ఏడాదిగా ఆవ పెట్టిన అరటికాయ కూరలో ఉప్పెక్కువైందని, పులుసు నీళ్లలా ఉందని, నీ చేతి రుచి ఎటు పోయిందమ్మా అని నేను వంకలు పెట్టింది నాన్న వంటకి. ఆ మాటలన్నీ అమ్మ తల వంచుకుని పడింది. నాన్న గుమ్మంలో నిలబడి విన్నారు. నన్ను ఎవరైనా నాలుగు తిడితే బాగుండుననిపించింది.

ఇక నాన్న ఆగలేదు. చీర కుచ్చిళ్లు తానే పెడుతున్నానని, పాలకేంద్రం దగ్గర్నుంచి ఆవేళ వెతికి తెచ్చుకున్నానని, స్నానానికి వెళ్లి ఎందుకొచ్చిందో తెలియక నిలబడిపోతుంటే పిలుస్తున్నానని అన్నీ చెప్పారు. డాక్టరమ్మ ఒక్కొక్కటీ ఎప్పటినుంచని అడిగి రాసుకున్నారు. అంతా విన్నాక అల్జీమర్స్ అనే తాము అనుకుంటున్నామని, మొదటి దశ దాటుతోందని నెమ్మదిగా చెప్పారు. మందులు నయం చెయ్యవట, కొన్నాళ్లు కాస్త ఆసరాగా ఉంటాయట. ఇవన్నీ ఏడాది కిందటే చెప్పి ఉంటే బాగుండేదన్నారు. తప్పు నాన్న ఒక్కరిదే కాదని నాకు తెలుసు. నేనూ మార్కు కలిపించినదాన్నే.

తిరుగుదారిలో వాళ్లిద్దరూ వెనక సీట్లో కూర్చున్నారు. ధవళేశ్వరం దాటాక నాన్న గొంతు వినబడింది.

"నా పేరు చెప్పవే. ఒక్కసారి. ఏం కాదు."

అద్దంలో చూశాను. అమ్మ గబుక్కున నాన్న నోటికి చెయ్యి అడ్డం పెట్టింది.

"ఊరుకోండి. నేను చెబితే మీకు ఆయుష్షు తగ్గిపోద్ది."

నాన్న ఆ చేతిని దించి ఒళ్లో పెట్టుకుని, "సరే, చెప్పకులే," అన్నారు.