సువార్తమ్మ ఇంటి నేల

ఇరవై ఆరేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. రెండు మాటల అబద్ధం. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్లకు చెప్పే ధైర్యమే ఉంటే ఈ కాగితం ఎందుకు?

మైదుకూరు దాటి కొండల వైపు పోతే మా ఊరి పక్కన పాత సీసం గని ఉంది. సీసంతోపాటు జింకూ తీసేవాళ్లు. మా తాతల కంటే ముందే ఎవరో తవ్వి వదిలేసిన సొరంగాల్లోనే కంపెనీ వాళ్లు మళ్లీ తవ్వారు. కొన్నేళ్లు నడిచింది. అడుగున నీళ్లు ఊరాయి, గిట్టుబాటు కాలేదు, తాళం వేసుకుని పోయారు. ఇప్పుడు దాని చుట్టూ కంపచెట్లు. ఆఫీసు తలుపులూ కిటికీలూ ఎవరెవరి ఇళ్లకో చేరాయి. దిబ్బ మాత్రం అలాగే ఉంది. రాయిని పిండి చేసి, కావలసింది తీసుకున్నాక పారబోసిన బూడిదరంగు పొడి అది. ముగ్గుపిండిలా మెత్తగా ఉంటుంది. ఎండ పడితే మెరుస్తుంది.

నేను ఆ గని ల్యాబులో అటెండరును. చేరిన మొదటి రోజే అక్కడి కెమిస్టు దగ్గరుండి నా చేతులు సబ్బుతో కడిగించాడు. ఈ పొడి విషమని, ఇంటికి తీసుకుపోవద్దని, పిల్లల నోట్లోకి అసలే పోకూడదని చెప్పాడు. కాబట్టి తెలియక చేశానని చెప్పుకునే దారి నాకు లేదు.

గని మూశాక మా వీధి చివర సువార్తమ్మ కొత్తగా కాపురం పెట్టింది. కూలికి పోయే మనిషి. ఎంత అలికినా నేల లేచిపోతోందని బాధపడితే, నేనే సైకిలు మీద రెండు గోతాల పొడి తెచ్చి ఇచ్చి, పేడలో కలిపి అలకమన్నాను. నేల గట్టిపడింది. దీపం వెలుగులో తళతళలాడింది. చూసినవాళ్లంతా దిబ్బకు పోయి తెచ్చుకున్నారు. మేలు చేస్తున్నాననుకున్నానా? లేదు, అది కూడా అబద్ధమే. కెమిస్టు మాట గుర్తుంది, కానీ నలుగురూ మెచ్చుకుంటుంటే దాన్ని బయటపెట్టి నా గొప్ప నేనే పోగొట్టుకోవడానికి మనసు రాలేదు. మా ఇంట్లో మాత్రం కడప బండలు పరిపించాను. ఎందుకని ఎవరూ అడగలేదు.

ఆమె కూతురు కరుణ ఆ నేల మీదే పాకింది. వేలు తడిచేసుకుని, నేలకు అద్ది, ఆ మెరుపును నాకేది. అందరూ నవ్వేవాళ్లు. నేనూ నవ్వాను.

మూడేళ్లు నిండినా పిల్లకు మాట రాలేదు. ఫిట్స్ మొదలయ్యాయి. మట్టిగానీ ఇంకేదైనాగానీ తింటుందా అని కడపలో డాక్టరు అడిగాడట. సువార్తమ్మ బస్సు దిగి, పిల్లను చంకనేసుకుని నేరుగా నా దగ్గరికి వచ్చింది.

“అన్నా, నువ్వు గనిలో పన్జేసినోడివి. ఆ మన్నులో ఏమన్నా ఉండాదా?”

“ఏం లేదమ్మా.”

“నువ్వు చెప్పినావంటే సాలు. డాక్టరుకు అదే చెప్తా.”

చెప్పింది కూడా. జబ్బు ఆ మన్ను వల్లే వచ్చిందని ఎవరు తేల్చగలరు అని ఎన్నోసార్లు నాకు నేను సర్దిచెప్పుకున్నాను. కానీ తేల్చుకోవడానికి వచ్చిన తల్లిని తిప్పి పంపింది ఎవరు? ఆ రోజు నిజం చెప్పి ఉంటే కనీసం నేలైనా తవ్వి పారేసేది కదా?

కడుపుతో ఉండి కూడా రాళ్లు మోశానని, అందుకే బిడ్డ ఇలా అయిందని సువార్తమ్మ తన మీదే వేసుకుంది. చర్చి మా ఇంటి వెనకే. ప్రతి ఆదివారం ఆమె తన తప్పు క్షమించమని ఏడుస్తూ ప్రార్థన చేస్తుంది. గోడకు ఇవతల కూర్చుని నేను వింటాను. వినకుండా ఎక్కడికైనా పోవచ్చు. పోలేను.

ఇప్పుడు వాళ్లది పక్కా ఇల్లు. వాకిలి మాత్రం ఆమె ఇప్పటికీ ఆ మన్నుతోనే అలుకుతుంది. నిన్న సాయంత్రం అటు పోతుంటే కరుణ గడప మీద కూర్చుని ఉంది. ముప్పై ఏళ్ల మనిషి. నన్ను చూసి నవ్వి, వేలు తడిచేసుకుని నేలకు అద్దింది.

మీకు చెప్పినంత మాత్రాన సరిపోదు. సువార్తమ్మకు చదువు రాదు. ఈ కాగితం నేనే పోయి చదవాలి. ఆమె నన్ను ఏమంటుందో తెలియదు, ఏమన్నా పడాలి. ఇన్నేళ్లలో మొదటిసారి ఆమె అడిగినదానికి జవాబు రాస్తున్నాను, గుండె కాస్త తేలికగా ఉంది.

ఉండాదమ్మా. ఆ మన్నులో సీసం ఉండాది. నాకు ఆ పొద్దే తెలుసు.