ఉప్పు ఊరి పెళ్ళిచూపులు

ఉద్యోగంలో చేరిన ఆ కొత్త రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది. ముందుగా చదువుకుని వెళ్తే ప్రపంచంలో ఏ పరీక్షా తప్పమని. పెళ్ళిచూపులు కూడా ఒక పరీక్షేననీ, దానికీ సిలబస్ ఉంటుందనీ అనుకునేవాణ్ణి. (అప్పట్లో ఆంగ్ మో కియో అనే పేటలో, ఒక ఫ్యాక్టరీలో యంత్రాలను పరీక్షించే పని నాది. తప్పంతా నాదే అనలేం.)

ఆ పక్కపేట బిషాన్‌లో మావాళ్ళకు తెలిసిన ఒక ఆంటీ ఉండేవారు. ఆవిడ అక్క కూతురు జర్మనీలో ఏదో చిన్న ఊళ్ళో చదువు ముగించుకుని, ఇంటికి వెళ్ళేముందు పిన్నిగారింట్లో దిగింది. ఫోటో చూడగానే ఆ అమ్మాయి నాకు నచ్చేసింది. మరొకడైతే చొక్కా ఇస్త్రీ చేసుకునేవాడు. నేను ఆ ఊరి చరిత్ర చదవడానికి కూర్చున్నాను. ఊరు పుట్టిందే ఉప్పునీటి బావుల వల్ల. ఆ నీళ్ళు మరగబెట్టి, ఉప్పు అమ్మి, ఆ డబ్బుతో ఊరి చుట్టూ గోడ కట్టుకున్నారు. ఒకసారి రొట్టెల పొయ్యి నుంచి నిప్పంటుకుని సగం ఊరు కాలిపోయింది. రైలు వస్తానంటే, పొగకి బీరు పాడవుతుందని పెద్దలు వద్దన్నారట. రైలు పక్క ఊరికి పోయింది, వెనకే వ్యాపారమూ పోయింది. మిగిలిన ఉప్పు గిడ్డంగిని ఇప్పుడు విద్యార్థుల హాస్టల్ చేశారు. ఇదంతా నాకు కంఠస్థం.

ఆదివారం వాళ్ళింటికి వెళ్ళగానే "ముందు మకాన్, తరవాతే మాటలు" అంటూ ఆంటీ గారెలు పెట్టారు. (మకాన్ అంటే అక్కడివాళ్ళ మాటలో తిండి.) నేను గారె తుంచకుండానే మొదలుపెట్టాను.

"మీ ఊరి గోడకి మూడు ద్వారాలు కదండీ."

"నాలుగు," అంది ఆ అమ్మాయి.

"మూడేనండీ. నాలుగోది పడగొట్టేశారు."

"మళ్ళీ కట్టారు. రోజూ దాని కిందనుంచే సూపర్ మార్కెట్‌కి వెళ్ళేదాన్ని."

బుద్ధున్నవాడు అక్కడ ఆగుతాడు. నేను ఏ సంవత్సరంలో కట్టారని అడిగాను. తెలియదంది. (తరవాత నేనే కనుక్కున్నాను.) అంకుల్ కళ్ళజోడు పైకి తోసుకుని, "ఏవయ్యా, ఆ ఊళ్ళో ఏవన్నా స్థలం కొంటున్నావా?" అన్నారు. అది మెచ్చుకోలనుకుని నేను అగ్నిప్రమాదంలోకి దూకాను. అది ఆరి, గిడ్డంగి దాకా వచ్చేసరికి ఆ అమ్మాయి కాస్త ముందుకు జరిగింది.

"అందులోనేనండీ నా రూమ్. గోడ ఎప్పుడూ చెమ్మగానే ఉండేది. అమ్మ పంపిన అప్పడాలు మెత్తబడిపోయేవి. మొదటి చలికాలం తెలుగులో మాట్లాడే మనిషే లేడు. ఆ గోడ కూడా నాతో పాటు ఏడుస్తోందనుకునేదాన్ని."

నవ్వుతూనే అంది. ఆంటీ చేతిలో పచ్చడి గరిటె ఆగిపోయింది. అందరూ నా వంకే చూస్తున్నారు. నేను గొంతు సవరించుకున్నాను.

"అది ఏడవడం కాదండీ. గోడలోకి ఇంకిన ఉప్పు గాలిలో తేమని పీల్చుకుంటుంది. పాత పూత చెక్కేసి కొత్తది వేయించాలి."

ఆమె ఒక్క క్షణం నన్ను చూసి, "సరేనండీ, వాళ్ళకి చెప్తాను," అని వెనక్కి జరిగి కూర్చుంది. ఆమెకు విషయం అర్థమైందని నేను సంతోషించాను.

ఆ వారంలోనే ఆంటీ ఫోన్ చేశారు. "అబ్బాయి మంచివాడేనంటోంది బాబూ. కాకపోతే..."

"చెప్పండి ఆంటీ."

"ఆ ఊరినే చేసుకోమంటోంది."

చాలాకాలం ఆ మాట నన్ను గుచ్చింది. ఇప్పుడు తలచుకుంటే నాకే నవ్వొస్తుంది, ఆ కుర్రాడి మీద కొంచెం జాలి కూడా. ఆ అమ్మాయి గురించి తెలుసుకోవాలన్న తహతహతోనే కదా పాపం అన్ని శతాబ్దాలు తిరగేశాడు. "తరవాత ఆ చలికాలం ఎలా గడిపారండీ?" అని ఒక్క మాట అడిగి ఉంటే ఆమె చెప్పేదే. వాడికి నిజంగానే వినాలని ఉండేది.